పేరెత్తని ప్రార్థన

ఎస్తేరమ్మ గారికి తొంభై ఏళ్ళు నిండాయని కార్డు వచ్చింది. నున్నటి కాగితం, పైన బంగారు రంగు శిలువ, కింద తెల్ల చీరలో ఆవిడ ఫొటో. భవానీపురంలో వాళ్ళ ఇంటి మేడ మీద కృతజ్ఞతా కూడిక, తర్వాత ప్రేమ విందు. కార్డు తెచ్చిన వాళ్ళమ్మాయి గ్రేస్ అక్కయ్య గుమ్మం దిగుతూ ఆగి, అమ్మకి మోకాళ్ళు తప్ప అన్నీ బాగున్నాయని, ఇప్పటికీ పాము చెవులేనని చెప్పి, "నువ్వు తప్పకుండా రావాలి దీవెనా, నాలుగు మాటలు ప్రార్థన చెయ్యాలి. ఆ రోజుల వాళ్ళు ఇంకెవరు మిగిలారు చెప్పు" అంది. వస్తానన్నాను. తలుపేసుకుని, కార్డులో ఆవిడ మొహం నాకు కనబడేలా టేబుల్ మీద పెట్టుకుని, ఎదురుగా కూర్చుని కాఫీ తాగాను. ఆ కాఫీ చాలా రుచిగా ఉంది. ఆవిడ నిండా నూరేళ్ళు బతకాలని నేను కోరుకున్నంతగా ఆవిడ కన్నపిల్లలు కూడా కోరుకుని ఉండరు. వాళ్ళు ప్రేమతో కోరుకుని ఉంటారు. నేను పగతో కోరుకున్నాను.

దివిసీమ ఉప్పెనకి ముందటేడు మేమూ భవానీపురంలోనే ఉండేవాళ్ళం, కృష్ణ ఒడ్డుకి దగ్గరగా, రెండు గదుల పెంకుటింట్లో. నాన్నకి కొండపల్లి దగ్గర అప్పుడే కడుతున్న థర్మల్ స్టేషన్ స్టోర్సులో పని. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బస్సెక్కితే సాయంత్రానికి కనుబొమల మీద సిమెంటు పొడితో దిగేవాడు. అమ్మ పేరు సుందరమ్మ. వీధి వైపు కిటికీ దగ్గర మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. మా ఇంటి వాసన అంటే నాకు ఇప్పటికీ మిషను నూనె, కిరసనాయిలు స్టవ్వు, శనివారం సాయంత్రం గంజి పెట్టి ఆరేసిన అమ్మ తెల్ల చీర. ఆదివారం గుడికి ఆడవాళ్ళంతా తెల్ల చీరలే కట్టేవాళ్ళు. రోజూ రాత్రి అన్నం ముందు కుటుంబ ప్రార్థన. నాన్న ప్రార్థన మొదలుపెడితే మా బంధువులందర్నీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేవాడు, ఈలోగా పులుసు చల్లారిపోయేది. ఆమేన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు, అది మా ఇంటి చట్టం. మా ఇంటిదే కాదు, మా వాళ్ళందరిదీ. ఎవరు ప్రార్థన చేస్తున్నా, ఎంత సేపు చేస్తున్నా, వాళ్ళు ముగించేదాకా తలలు వంచే ఉండాలి. ముగియగానే అందరం ఒక్కసారి ఆమేన్ అనాలి. నేను మాత్రం వేళ్ళ సందుల్లోంచి చూస్తుండేదాన్ని. అక్క అది కనిపెట్టి మోకాలితో పొడిచేది. అక్క కనిపెట్టిందంటే తనూ కళ్ళు తెరిచినట్టే కదా అని నేను అంటే, దెబ్బలాట.

అక్క పేరు కృప. నాకు పదేళ్ళు, తనకి పద్నాలుగు. గుడి క్వయిర్లో ముందు వరసలో నిలబడేది. ఆ వేసవిలో పెద్దమనిషైంది. చల్లపల్లి నుంచి అమ్మమ్మ నువ్వులు మూటగట్టుకుని దిగి, వచ్చీ రాగానే రోట్లో బెల్లం వేసి దంచి చిమ్మిలి చేసింది. ఇల్లంతా ఆ వాసన. అక్కని చాప మీద కూర్చోబెట్టి పూటకో ఉండ తినిపించడం, పక్కన కూర్చుని నేను అడుక్కోవడం. అయితే అక్కకి రక్తస్రావం ఆగలేదు. వారం, పది రోజులు, పదిహేను. మొదటిసారి కొందరికి అంతేనని అమ్మమ్మ అంది, ఒంట్లోంచి పోయినంతా మళ్ళీ పట్టాలని ఇంకో విడత దంచింది. జ్వరం వచ్చి పోతుంటే ఒంటి వేడి అన్నారు. పిక్కల మీద, మోచేతుల దగ్గర నల్లగా కమిలిన మచ్చలు కనబడితే నాతో కొట్లాడినప్పుడు తగిలాయని నన్ను నాలుగు కొట్టారు. చిగుళ్ళు వాచి రక్తం కారుతుండేదన్నది ఎవరికీ తెలియనే లేదు. మా ఇంట్లో ఎర్ర పళ్ళపొడి వాడేవాళ్ళం. దాంతో తోముకుంటే ఎవరు ఉమ్మినా ఎర్రగానే ఉంటుంది. మా పెరట్లో నీళ్ళు పోయే కాలవ గట్టున రోజూ నాలుగు ఎర్రటి ఉమ్ములు పడేవి, అందులో ఒకటి నిజంగా రక్తం. ఫంక్షన్ రోజు మావయ్య తెచ్చిన లంగా ఓణీ కట్టి కుర్చీలో కూర్చోబెట్టి తీయించిన ఫొటో ఒక్కటే అక్కది మాకు మిగిలింది. అందులో నోరు బిగించి ఉంటుంది. ఎంత సిగ్గో చూడండి అనేవాళ్ళు చూసినవాళ్ళు. సిగ్గు కాదు, వాచిన చిగుళ్ళు.

ఇక ఎస్తేరమ్మ గారు. ఆవిడ మా గుడి స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. భర్త కాలవల ఓవర్సీరు. మేడ ఇల్లు, హాల్లో తివాచీ, గురువారం మధ్యాహ్నం స్త్రీల కూడిక అక్కడే. మనిషి మంచిది కాదని ఆ రోజు దాకా నేనూ అనలేను. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు వచ్చేది ఆవిడే, బ్రెడ్డు పాలు తెచ్చేది ఆవిడే. ఆవిడ ప్రార్థన మాత్రం ఊళ్ళో పేపరు లాంటిది. ఎవరి కొడుకు సారా తాగుతున్నాడో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో, అన్నీ కళ్ళు మూసుకుని దేవుడికి విన్నవించేవారు. పేరు మాత్రం ఎత్తేవారు కాదు. ఒక సోదరి, ఒక గృహము, ఒక బిడ్డ, అంతే. ఆ బిడ్డ ఎవరో అక్కడ ఉన్న పాతికమందికీ తెలిసిపోయేది. ఎదుటివాళ్ళ గురించి మాట్లాడితే చాడీ అవుతుంది, దేవుడితో మాట్లాడితే ప్రార్థనా భారం అవుతుంది. ఆవిడ ఒక బుధవారం మా ఇంటికొచ్చారు. పాలిపోయి పడుకున్న అక్కని చూశారు. పెరట్లో అమ్మ ఉతికి ఆరేసిన పాత గుడ్డలు చూశారు. ఎన్నాళ్ళయిందని అడిగారు. నెలన్నర అని అమ్మ దాచకుండా చెప్పింది. ఆవిడ ఇంకేం అడగలేదు, అక్క తల మీద చెయ్యి పెట్టి రెండు మాటల ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

మర్నాడు గురువారం. అమ్మ అక్కని అమ్మమ్మకి అప్పజెప్పి, అందరూ కలిసి ప్రార్థిస్తే తగ్గుతుందన్న ఆశతో నన్ను వెంటబెట్టుకుని కూడికకి వెళ్ళింది. పాటలయ్యాయి, వాక్యమయింది. ఎస్తేరమ్మ గారు కొంగు తల నిండా కప్పుకుని మోకరించారు. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "ప్రభువా, మా నడుమ ఒక గృహమున్నది. ఆ గృహములో ఒక లేతబిడ్డ కాలు జారినది తండ్రీ. మందులతో దాచిరి, మాటలతో దాచిరి, అయితే రక్తము దాగలేదు ప్రభువా. ఆ తల్లి కన్నులు తెరువుము. ఆ బిడ్డ పాపమును క్షమించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్." అందరూ ఆమేన్ అన్నారు. అమ్మ కూడా అంది. నేను వేళ్ళ సందుల్లోంచి చూస్తున్నాను. పుట్టిన దగ్గర్నుంచీ ప్రార్థన చివర అనే మాట, పెదవులు వాటంతట అవే అనేశాయి. అన్న తర్వాత అర్థమైంది అమ్మకి. కళ్ళు తెరిచింది, మొహంలో నెత్తురు చుక్క లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు కొంగులు సర్దుకుంటూ అమ్మ వైపు చూడకుండా చూశారు. ఆ వారం తిరక్కుండా వీధంతా ఒకటే మాట. పిల్ల కడుపు తీయించుకుందట, వికటించిందట. అబద్ధమైతే తల్లి ఎందుకు ఊరుకుంటుంది, ఆమేన్ కూడా అందిగా అన్నారు. క్వయిర్ పిల్లల్ని మా గుమ్మం తొక్కనివ్వలేదు. జాకెట్లు కుట్టడానికి ఇచ్చినవాళ్ళు గుడ్డ వెనక్కి పట్టుకెళ్ళారు.

ఇంటి దగ్గర డాక్టరు రక్తం తక్కువని ఇచ్చిన సూదులతో ఏమీ కాక, నాన్న చివరికి అక్కని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక లేడీ డాక్టరు, చిన్నావిడ, వేలి మీద పొడిచి గాజు పలక మీద రక్తం తీసుకున్నారు. మర్నాడు తుంటి ఎముకలోంచి మూలుగ తీశారు. అక్క అరుపు వరండాలో ఉన్న నాకు వినబడింది. తర్వాత ఆవిడ అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, ఇది రక్తంలో వచ్చే క్యాన్సరని చెప్పారు. అమ్మ అడిగింది ఒక్కటే, నువ్వుల వల్లనా అని. "మీరు పెట్టిన తిండి వల్ల కాదమ్మా. ఆ పిల్ల చేసిన దేనివల్లా కాదు. వచ్చింది, అంతే" అన్నారు డాక్టరు గారు. పిల్ల చేసిన దేనివల్లా కాదు అన్న మాట దగ్గర అమ్మ బల్ల మీద తల పెట్టేసి ఏడ్చింది. జబ్బు గురించి ఏడుస్తోందని డాక్టరు గారు అనుకుని ఉంటారు.

ఇక్కడ నేను చెయ్యకూడని పని ఒకటి చేశాను. యాభై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఆసుపత్రిలో అక్క మంచం పక్కన నన్ను కూర్చోబెట్టి అమ్మ నీళ్ళకి వెళ్ళింది. క్వయిర్ వాళ్ళు ఒక్కరూ రాలేదేమని అక్క అడిగింది. పదేళ్ళ నోరు, ఆగలేదు. గురువారం ప్రార్థన మొత్తం ఎస్తేరమ్మ గారి గొంతుతో సహా అప్పజెప్పాను. నాకు అందులో సగం అర్థం కాలేదు. అక్కకి అంతా అర్థమైంది. "అందరూ ఆమేన్ అన్నారా?" అంది. అన్నారన్నాను. "అమ్మ కూడా అందా?" అంది. "అంది" అన్నాను. అబద్ధం చెప్పొచ్చని నాకు తట్టలేదు. అక్క గోడ వైపు తిరిగిపోయింది. తర్వాత తొమ్మిది రోజులు బతికింది, అమ్మ తల దువ్వినా, నీళ్ళు తాగించినా, అమ్మ మొహంలోకి చూడలేదు. జబ్బు మనిషి, ఓపిక లేదనుకుంది అమ్మ. అలా అనుకునే చచ్చిపోయింది కూడా. నేను ఎస్తేరమ్మ గారిని క్షమించలేకపోవడానికి కారణం మా అక్క చావు కాదు. ఆ జబ్బుకి అప్పట్లో ఎవరేం చేసినా చావే. కన్నతల్లి తనని నమ్మలేదనుకుంటూ చచ్చిపోయింది, అదీ కారణం.

భూస్థాపనకి పాస్టరు గారు, నాన్నతో పనిచేసేవాళ్ళు, మా బంధువులు కొందరు వచ్చారు. స్త్రీల సమాజం నుంచి ఒక్కరూ రాలేదు. సమాధుల తోటలో పాట ఎత్తే గొంతే లేక పాస్టరు గారు ఒక్కరే పాడారు. వారం పోయాక అమ్మ ఆసుపత్రి కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని ఎస్తేరమ్మ గారింటికి వెళ్ళింది. ఆవిడ చదువుకున్న మనిషి, ఇంగ్లీషు చదివారు, కాగితం చూడగానే మొహం మారింది. కళ్ళు తుడుచుకున్నారు కూడా. అమ్మ ఒక్కటే కోరింది. "అక్కయ్య గారూ, పోయిన బిడ్డని నేను అడగటంలేదు. ఏ నోటితో అన్నారో ఆ నోటితో, ఈ గురువారం అదే ప్రార్థనలో, ఆ బిడ్డ తప్పేమీ లేదని ఒక్క మాట అనండి." ఎస్తేరమ్మ గారు కాగితం మడిచి అమ్మ చేతిలో పెట్టారు. "నేనెవరి పేరూ ఎత్తలేదు కదమ్మా సుందరమ్మా. ఎత్తని పేరుకి సవరణ ఏమిటి? నువ్వు అనవసరంగా మీద వేసుకుంటున్నావు." అమ్మ కాగితం మళ్ళీ జాకెట్లో పెట్టుకుని లేచింది. ఆ రోజు నుంచి బతికున్నన్నాళ్ళూ ఏ ప్రార్థన చివరా ఆమేన్ అనలేదు. గుడి మానలేదు, పాటలు మానలేదు, ఆ ఒక్క మాట దగ్గర పెదవులు బిగించేది. ఒకసారి అడిగితే, "ఒకసారి అన్నాను కదే, చాలు" అంది.

అమ్మ ఊరుకుంది, నేను ఊరుకోలేదు. ఎస్తేరమ్మ గారికి గుడిలో ముందు వరసలో సొంత చిన్న చాప ఉండేది, దాని మీద ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం ఆదివారం నాడు పెందలాడే వెళ్ళి, మా ఇంటి ఎర్ర పళ్ళపొడి నీళ్ళతో కలిపి ఆ చాప మధ్యలో పూశాను. ఎర్ర చాప, కనబడలేదు. ఆవిడ తెల్ల చీరతో వచ్చి కూర్చున్నారు. ప్రభు భోజనం తీసుకోడానికి లేచి గుడి మధ్యలోంచి నడిచి వెళ్ళి, నడిచి వచ్చారు. వెనకాల చీర మీద ఎర్రటి మరక. అందరూ చూశారు, ఒక్కరు చెప్పలేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆవిడకి ఇంటికెళ్ళాక తెలిసి ఉంటుంది. చేతి గోళ్ళలో ఎరుపు చూసి అమ్మ నన్ను పట్టుకుంది, మిషను గజం బద్దతో అది విరిగేదాకా కొట్టింది. కొట్టి, పక్కన కూర్చుని నూనె రాసింది. పాపమని పశ్చాత్తాపపడమంది. పడలేదు. ఆ మరక తలుచుకుంటే ఇవాళ కూడా నాకు ఆకలి వేస్తుంది.

నేను ల్యాబ్ టెక్నీషియన్ అయ్యానంటే అందరూ అక్క మీద ప్రేమతో, సేవ చెయ్యాలని అనుకుంటారు. రిటైరైన రోజు దండ వేసినప్పుడు కూడా అలాగే మాట్లాడారు. నేను దండ వేయించుకుని కూర్చున్నాను. ఆ గాజు పలక మీద డాక్టరు గారికి కనబడ్డదేదో నా కళ్ళతో చూడాలని, చూసి ఎస్తేరమ్మ గారి మొహాన కొట్టాలని ఆ చదువు చదివాను. ముప్ఫై ఏళ్ళు రంగు వేసిన పలకల మీద ఆ కణాల్ని చూశాను. అక్కకి వచ్చింది మైలాయిడ్ అనే రకం, అది పిల్లల్లో అంతగా రాదు. చిన్నపిల్లల్లో ఎక్కువగా కనబడే రక్త క్యాన్సరు వేరే రకం, అది మూడు నాలుగేళ్ళ వాళ్ళకి వస్తుంది. ఇది మాత్రం రెండేళ్ళు నిండని చంటివాళ్ళలో కాస్త ఎక్కువ, తర్వాత తగ్గి, మళ్ళీ పన్నెండు పద్నాలుగు దాటే ఈడులో పెరుగుతుంది. అంటే ఒళ్ళో ఉన్నప్పుడో, ఒళ్ళు మారేటప్పుడో. ఒళ్ళో ఉన్నవాళ్ళకి వస్తే పళ్ళొస్తున్నాయి అంటారు, ఎవరి దిష్టో అంటారు. ఆ ఈడు ఆడపిల్లకి వస్తే ఏమంటారో మా ఇంట్లో చూశాను. అందుకే కూతుర్ని తీసుకుని వచ్చిన ప్రతి తల్లికీ, అడిగినా అడక్కపోయినా, పిల్ల చేసిన దేనివల్లా కాదమ్మా అని నేనే ముందు చెప్పేదాన్ని. అది నా పని కాదని డాక్టర్లు విసుక్కున్నారు కూడా. ఇప్పుడు మందులున్నాయి, ఆ పిల్లల్లో కొందరు బతుకుతున్నారు. ఒకమ్మాయి పెళ్ళి కార్డు కూడా ఇచ్చింది నాకు. పళ్ళపొడి తెల్లబడింది, జబ్బుకి పేరు చెప్పడానికి ఎవరూ జంకడం లేదు. ప్రార్థన మనవులు మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పుడు వాట్సాప్‌లో వస్తున్నాయి, ఒక సోదరి, ఒక గృహము అంటూ.

కూడిక రోజు అమ్మ తెల్ల చీర కట్టుకుని వెళ్ళాను. బైబిల్లో ఆసుపత్రి కాగితం పెట్టుకున్నాను. మేడ మీద షామియానా, వంద కుర్చీలు, సగం మందికి పైగా ఆ పాత గుడి వాళ్ళూ వాళ్ళ పిల్లలూ. ఎస్తేరమ్మ గారు ముందు సోఫాలో నిటారుగా కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టి, వందనాలమ్మా సుందరమ్మ కూతురా అన్నారు. పాటలయ్యాక గ్రేస్ అక్కయ్య మైకు నా చేతికిచ్చింది. అందరూ తలలు వంచారు. నేను పది రోజుల నుంచి రాసుకున్నది చదవలేదు. కళ్ళు మూసుకుని మెల్లగానే మొదలుపెట్టాను.

"తండ్రీ, ఎస్తేరమ్మ గారికి తొంభై ఏళ్ళు ఇచ్చినందుకు నీకు వందనాలు. మా అక్కకి పద్నాలుగు ఇచ్చావు. మా అక్క పేరు కృప. భవానీపురం సుందరమ్మ పెద్ద కూతురు. ఆమెకి వచ్చింది రక్తంలో క్యాన్సరు, ఆ కాగితం నా చేతిలో ఉంది. ఒక గురువారం నాడు ఎస్తేరమ్మ గారు నీ సన్నిధిలో ఆమె కాలు జారిందన్నారు. పేరెత్తలేదు. నేను ఎత్తుతున్నాను. ఆ ప్రార్థన అబద్ధమని ఆవిడకి తెలిసే యాభై ఏళ్ళు కావస్తోంది. మా అమ్మ ఒక్క మాట అడిగింది, ఆవిడ అనలేదు. ఇప్పుడు అంటారు తండ్రీ. ఆవిడ ఆమేన్ అనేదాకా మేం కళ్ళు మూసుకునే ఉంటాం."

అని ఆగిపోయాను. ముగించలేదు. ముగించని ప్రార్థనలో కళ్ళు తెరవడం మా వాళ్ళకి చేతకాదని నాకు తెలుసు. వంద మందిలో ఒక్క కుర్చీ కదిలిన చప్పుడు కాలేదు. షామియానా గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. కింద బిర్యానీ గిన్నె మీద మూత ఎవరో తీశారు, వాసన పైకొచ్చింది. ఎక్కడో ఫోను మూలిగి ఆగింది. "దీవెనా, ముగించు తల్లీ, పెద్ద ప్రాణం" అని గ్రేస్ అక్కయ్య నా చెవి దగ్గరికొచ్చి గొణిగింది. మైకు పట్టుకున్న చెయ్యి నొప్పి పుట్టింది, దించలేదు. చిన్నప్పటిలా చూడాలనిపించింది, ఆవిడ మొహం ఎలా ఉందో. ఆ ఒక్కరోజే నేను నిజంగా కళ్ళు మూసుకుని ఉన్నాను.

చాలా సేపటికి సోఫా వైపు నుంచి వినబడింది. సన్నగా, దగ్గు కలిసిన గొంతుతో, ఆమేన్. అది ఒప్పుకోలో, తొంభై ఏళ్ళ అలవాటో నాకు తెలియదు. మా అమ్మ అన్నది కూడా అలవాటే, దాన్ని వీధి వీధంతా ఒప్పుకోలు కింద తీసుకుంది. నేనూ అలాగే తీసుకున్నాను. కళ్ళు తెరిచి ఎవరి వైపూ చూడకుండా మేడ మెట్లు దిగుతుంటే, గోడ వైపు తిరిగి పడుకున్న అక్క ఇటు తిరిగి, ఆవిడ కూడా అందా అని అడిగినట్టే అనిపించింది.

"అంది" అన్నాను.